వినబడేటోళ్ల రక్తం కూడా కావాలె

"మా నాయిన చెవులు గనిల పోయినయి. దానికి ఇంటిల్లిపాది రక్తం ఎందుకు?"

గోదావరిఖని క్వార్టర్ గుమ్మంలో చేతులు కట్టుకుని అడిగింది ఎవాంజెలిన్. స్కూల్లో టీచరు. ఎదురుగా వానకు తడిసిన చొక్కాతో టిమోతి. కొత్తగూడెం అబ్బాయి, హైదరాబాదులో జన్యువుల మీద రీసెర్చ్ చేస్తున్నాడు.

"మీ మేనత్త సారవ్వ ఎన్నడన్న గనిల దిగిందా?"

ఎన్నడూ దిగలేదు. అయినా సారవ్వకూ ముప్పై దాటగానే చెవుడొచ్చింది. తాతకూ అంతే.

"అంటే ఇది రక్తంల వస్తున్నది. వినబడనోళ్ల రక్తం, వినబడేటోళ్ల రక్తం రెండూ పోల్చి, చెవుడుతోని కలిసి ఏ క్రోమోజోమ్ ముక్క వస్తున్నదో చూస్తం. చెవుడు తెచ్చే జీన్ ఆ చుట్టుపక్కలనే ఉంటది."

"దొరికితే నాయినకు వినబడ్తదా?"

"వినబడది."

అబద్ధం చెప్పనందుకే ఆమె అడ్డు తప్పుకుంది.

కమాన్‌పూర్‌లో సారవ్వ ఇంటికి తనే తీసుకుపోయింది. సూది చూసి సారవ్వ లేవబోతే, చీమ కుట్టినట్టే ఉంటుందని సైగలు చేసి నవ్వించింది. ఆ నవ్వు చూస్తూనే టిమోతి సీసా మీద పేరు రాశాడు.

"సార్, మా అత్త పేరు ఎవాంజెలిన్ కాదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి వాన చూస్తూ అంది. "సంబంధాలు వద్దంటున్న. రేపు నాకు గూడ రావచ్చు. ఇంకొకల మెడకు ఎందుకు చుట్టుకోవాలె?"

ఏడాది తర్వాత టిమోతి మళ్లీ వచ్చాడు. జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో తేలిందని చెప్పాడు.

"మరి నాకు వస్తదా?"

"ల్యాబ్‌ల పేర్లు తీసి నంబర్లు వేస్తరు. ఎవరిదేందో నేను చూడలె. తెలుసుకోవాలంటే డాక్టర్ దగ్గరికి తోడొస్త. వద్దంటే గిట్లనే ఉందాం."

"ఇప్పుడైతే వద్దు." అందామె. "ఉందాం అంటే? ఎవరెవరు?"

"మనిద్దరం."

"నాకు వినబడకుంటే?"

"గట్టిగ మాట్లాడుత."

"ఏది, మా నాయినతోని మాట్లాడు చూద్దాం."

మంచం మీద పేపరు చదువుతున్న ఆమె తండ్రి యోనా ముందు నిలబడి టిమోతి మెల్లగా చెప్పాడు.

"గట్టిగ చెప్పు బిడ్డా!"

"మీ బిడ్డను పెండ్లి చేసుకుంట మామా!"

క్వార్టర్ల లైనంతా తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి రాజం చప్పట్లు కొట్టాడు.

యోనా నవ్వాడు. "మొదలే నీ పెదవులు చూసి తెలుసుకున్న. నలుగురు సాక్ష్యం ఉండాలెనని మళ్ల చెప్పిచ్చిన."

లోపలినుంచి తల్లి సువార్తమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "పిల్ల ఏమంటదో అడిగిన్రా?"

టిమోతి ఎవాంజెలిన్ వైపు తిరిగాడు. "మళ్ల గట్టిగ ఒర్రాల్నా?"

"వద్దు," అందామె చున్నీ చాటున నవ్వుతూ. "నాకు ఇప్పటికైతే మంచిగనే వినబడ్తున్నది. ఆదివారం మీ అమ్మానాయినను తోల్కరా."