లెంపి ఇంటి వెచ్చదనం

లెంపి ఇంట్లో నిద్రపోతే బుగ్గలు ఎర్రబడతాయి. ఎర్రబడ్డ బుగ్గలతో ఎవరూ మళ్లీ లేవరు... మా ఊళ్లో ఈ మాట నా చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ ఇల్లు ఊరి చివర సరస్సు ఒడ్డున, బిర్చి చెట్ల మధ్య ఉంటుంది. చలికాలం మాకు మధ్యాహ్నానికే చీకటి. ఆ చీకట్లో అటుగా స్కీల మీద పోవడానికి మగవాళ్లూ జంకేవారు.

ముందు లెంపి ఎవరో చెప్పాలి. మొగుడు పోయి నెల తిరక్కముందే మరిది ఓస్కరి ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. బయట మోకాలి లోతు మంచు.

"ఈ ఒక్క రాత్రి పొయ్యి పక్కన పడుకోనీ, ఓస్కరీ" అందట.

"నీకోసం కట్టెలు తగలెయ్యాలా, వదినా? దానికన్నా ఆకాశంలో కాకులకు చలి కాచడం మేలు."

లెంపి గడప మీద ఆగింది. వెనక్కి తిరిగింది.

"కాచుకో. నువ్వూ, నీ పిల్లలూ, వాళ్ల పిల్లలూ... ఈ పొయ్యి వేడే మీ ఊపిరి తీస్తుంది."

బీదల సత్రంలో ఆమె ఎన్నాళ్లో బతకలేదు. ఆ చలికాలమే ఓస్కరి మంచం మీద శవమై కనిపించాడు. చచ్చినవాడి ముఖం పాలిపోవాలి కదా... అతని బుగ్గలు అడవిలో పండే ఎర్రటి లింగన్‌బెర్రీ పళ్లలా నిగనిగలాడుతున్నాయి. లెంపి వచ్చి ముద్దు పెట్టి వెళ్లిందన్నారు.

ఇల్లు ఏళ్ల తరబడి తాళంలో ఉంది. చివరికి ఓస్కరి మనవడు తాపియో, నిండు నెలల భార్య కాయిసాతో వచ్చి తలుపు తెరిచాడు. తర్వాత జరిగింది నాకు చెప్పింది నర్సు ఆర్మి. ఒకప్పుడు బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లే.

కాయిసాకు తలనొప్పి మొదలైంది. వాంతులు. కడుపుతో ఉన్నదానికి మామూలే అనుకున్నారు. తర్వాత తాపియోకూ అదే.

"నువ్వూ నీళ్లోసుకున్నావా ఏంటి?" అని నవ్విందట కాయిసా.

ఆ రాత్రి ఆమె కళ్లు తెరిచేసరికి... పొయ్యి దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. ముసుగు. చాచిన చేతులు.

"తాపియో... ఆవిడ మన పొయ్యి దగ్గర చలి కాచుకుంటోంది..."

తాపియో లేవబోయాడు. కాళ్లు మాట వినలేదు. ఆ ఆకారం లేచింది. నెమ్మదిగా మంచం దగ్గరికి వచ్చింది. కాయిసా కడుపు మీదికి వంగింది—

తాపియో నేల మీద పాక్కుంటూ ఫోను అందుకున్నాడు. ఆర్మి ఇల్లు దగ్గరే. మంచుబండి మీద వచ్చేసింది. కాయిసా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తొడిగింది. అది నిండుగా ఉందని చూపించింది.

"ఏం లేదమ్మా, భయపడ్డావు, అంతే..." అంటూ ముఖంలోకి చూసింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అంతలో తన తల కూడా దిమ్మెక్కింది. వెంటనే ఇద్దర్నీ ఈడ్చి మంచులో పడేసింది.

ఇదెలాగో చెబుతాను. మన రక్తంలో ఆక్సిజన్ కూర్చునే బెంచీలున్నాయనుకోండి. నిప్పు సరిగా మండనప్పుడు రంగూ వాసనా లేని ఒక విషవాయువు పుడుతుంది. అది వచ్చి బెంచీ ఎక్కిందంటే ఓ పట్టాన దిగదు. వేలి క్లిప్పుకు బెంచీ నిండిందని తెలుస్తుందే గానీ, కూర్చున్నదెవరో తెలియదు. రక్తం తీసి పరీక్ష చేస్తేనే ఆ దొంగ దొరుకుతుంది. తల తిరగడం, కాళ్లు పడిపోవడం, లేనివి కనిపించడం అన్నీ దాని పనే. శవం బుగ్గలు ఎర్రబడేదీ అందుకే. మందు ఒక్కటే, ముఖానికి మాస్కు పెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎక్కించడం. కడుపులో బిడ్డను అది ఇంకా ఆలస్యంగా వదులుతుంది కాబట్టి ఆసుపత్రిలో కాయిసాకు మాస్కు చాలాసేపు ఉంచారు. బిడ్డ గుండె ఆగలేదు. తల్లీ బిడ్డా దక్కారు.

"వేడి పైకి పోతుందని, నిప్పులు ఆరకముందే పొగగొట్టం మూత వేసి ఉంటావు! మీ తాత పిసినారితనం ఎక్కడికి పోతుంది?" అని తాపియోను కడిగేసింది ఆర్మి. మా వాళ్లందరూ చేసే తప్పు అదే.

"ఒట్టు, ఆర్మీ! నేనా మూత ముట్టుకోనే లేదు."

మర్నాడు పొగగొట్టాలు ఊడ్చే రైమో వచ్చాడు. నేనూ వెళ్లాను. మూత తెరిచే ఉంది. రైమో చెయ్యి లోపలికి పెట్టాడు.

"ఏదో అడ్డముంది, టీచరమ్మా. మంచు పడకముందు నేనే ఊడ్చాను... బ్రష్షు నేరుగా కిందికి దిగింది."

లాగాడు. బూడిదరంగు ఉన్ని శాలువా, ఎర్ర అంచు. పొగ పోయేందుకు సగం దారి వదిలి, నిప్పుల విషం గదిలోకి తిరిగొచ్చేలా, పద్ధతిగా మడిచి కుక్కారు.

ఆ ఎర్ర అంచు అల్లింది మా అమ్మ. సత్రంలో లెంపికి చివరి స్నానం చేయించి, చలికి పోయిన మనిషికి ఇప్పుడైనా వెచ్చగా ఉండాలని ఆ శాలువా కప్పి, పాతిపెట్టే ముందు శవపెట్టె మూత వేసిందీ అమ్మే. దీపం పట్టుకున్నది నేను.

రైమో శాలువాను ఒక్కసారి విదిల్చాడు.

నేల మీద రాలింది మసి కాదు... మట్టి.