ఎవరి మందుకు తగ్గింది?

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది పోట్లాట. దాని వెనకే మనుషులు లేచేవారు. ఆ రోజూ అంతే. పొయ్యి మీద నీళ్లు ఇంకా మరగకముందే గొంతునొప్పితో ఉన్న ఏడేళ్ల పిల్ల వంటగదిలో ఎత్తుపీట మీద కూర్చుని, నోరు సగం తెరిచి ఉంది. ఎడమవైపు నానమ్మ, చేతిలో చెంచా. కుడివైపు అమ్మ, చేతిలో బిళ్ల. పిల్ల తినేది గుప్పెడు, మాట్లాడేది పిడికెడు కాబట్టి ఇంట్లో అందరూ ‘పిట్ట’ అనేవారు.

నానమ్మ దర్జీ. ముందుగదిలో మిషను వేసుకుని బడిపిల్లల బట్టలు కుట్టేది. అల్లం, మిరియాలు, అతిమధురం, తేనె కలిపి పిల్లల గొంతునొప్పికి ఆమె కాచే పాకానికి వీధిలో పెద్ద పేరు. అది ఎంత ఘాటంటే, ఒకసారి పక్కింటి పిల్లి గిన్నె నాకి మూడు రోజులపాటు పులిలా గాండ్రించిందట. నాలుగో రోజు మళ్లీ పిల్లి అయిపోయి సిగ్గుతో ఊరు మారిందట. నమ్మినవాళ్లకు నమ్మినంత.

కోడలు సహజ పోషకాలు అమ్మే దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడేది. పళ్లరసంతో చేసిన మెత్తటి బిళ్లలు, జింకు కలిపినవి, విటమిన్లు కలిపినవి, ఎలుగుబంటి ఆకారంలో కొన్ని, చేప ఆకారంలో కొన్ని. ఒక్క సీసా అమ్మడానికి ఎంత మాట్లాడేదంటే, వినివిని కొన్నవాళ్లకే గొంతు ఆరిపోయేది.

ఇక ఆ ఇంటి మగాడు బస్సు డ్రైవరు. నిండు బస్సులో జనాన్ని ఒక్క కేకతో వెనక్కి జరిపే మనిషి, ఇంట్లో మాత్రం తన పళ్లెం తీసుకుని తానే పక్కగదిలోకి జరిగేవాడు.

“మింగవే తల్లీ. మండుతుంది. మండిందంటే పనిచేస్తోందన్నమాట,” అంది అత్త.

“మంట పెట్టడానికి అది గొంతా, గడ్డివామా అత్తయ్యా?” అంది కోడలు. “పిట్టా, ఇదిగో చేప. నమిలెయ్.”

“నీవి మందులా అమ్మాయ్, మిఠాయిలు! నీ సీసా చుట్టూ చీమలు చేరుతున్నాయి. నా గిన్నె దగ్గరికి ఒక్కటి రమ్మను చూద్దాం.”

“ఎందుకొస్తాయి? వాటికీ ప్రాణం మీద తీపుంటుందిగా. మామయ్యగారు ఏడాదిపాటు దగ్గిదగ్గి పోయారు. ఆయనకి పోసిందీ ఈ పాకమేనా?”

అత్త చెంచా కింద పెట్టలేదు.

“ఆయన నా చెయ్యి పట్టుకుని పోయాడు. పోయిన నెల నీ కూతురు జ్వరంలో చెయ్యి చాపితే అందింది కూడా నా చెయ్యే. నువ్వప్పుడు ఊళ్లోవాళ్ల పిల్లలకి చేపలమ్ముతున్నావు. కన్నావు కాబట్టి తల్లివి. అంతకు మించి నీ గురించి చెప్పడానికి నా దగ్గరేం లేదు.”

కోడలు ముఖం పాలిపోయింది. ఇద్దరూ ఒకేసారి పిల్లవైపు తిరిగారు. ఆ ఇంట్లో తీర్పు చెప్పే పీట అదే.

“చెప్పవే. గొంతు ఎలా ఉంది? ఎవరి మందుకు తగ్గింది?”

పిట్ట అమ్మ ముఖం చూసింది. నానమ్మ ముఖం చూసింది. కష్టపడి ఉమ్మి మింగింది.

“ఇవాళ అమ్మదానికి తగ్గింది.”

కోడలు అత్త పెట్టెలోంచే గుడ్డల మీద గీసే సుద్దముక్క తీసి, అలమర తలుపు మీద తనవైపు ఒక గీత గీసింది. అత్త ఆ పూట తిండి ముట్టలేదు. మర్నాడు పిట్ట “నానమ్మదానికి” అంది. నానమ్మ గీసిన గీత పక్కదానికన్నా జానెడు పొడుగు. ఆ రోజు స్నానాలగదిలో కుళాయి చాలాసేపు నడిచింది, లోపల కోడలి ఏడుపు బయటికి వినపడకుండా.

ఇలా పది రోజులు నడిచింది. పదకొండో రోజు పిట్ట “పూర్తిగా తగ్గిపోయింది” అనేసింది. ఎవరి మందుకో చెప్పలేదు. ఆ ఒక్కమాట కోసం మరో వారం ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు.

రెండు వారాల తర్వాత బడి నుంచి టీచరు ఫోను చేసింది. పిల్ల వరుసలో నిలబడలేక కూలబడిందని, మోకాలు వాచి ఎర్రగా ఉందని, ఒళ్లు కాలిపోతోందని. డ్రైవరు సెలవు పెట్టి వచ్చాడు. ఆస్పత్రికి వెళ్లే దారంతా ఆటో వెనక సీట్లో పిల్లను మధ్యన పెట్టుకుని ఇద్దరూ “మీవల్లే,” “నీవల్లే” అనుకుంటూనే ఉన్నారు.

డాక్టరమ్మ చెవులకు గొట్టం తగిలించుకుని పిల్ల గుండె చాలాసేపు వింది. మళ్లీ వింది. తర్వాత గొట్టం తీసి, “ఈ మధ్య గొంతునొప్పి వచ్చిందా తల్లీ?” అని అడిగింది.

పిట్ట అటు చూసింది, ఇటు చూసింది. “ఎవరికి చెప్పాలి?”

“నాకే.”

“మీ మందు ఏది?”

“నేనింకా ఏ మందూ ఇవ్వలేదుగా.”

“అయితే చెప్తా. వాళ్లని బయటికి పంపండి.”

బయటికి పంపారు. కానీ ఆ గది తలుపు సరిగా మూసుకోదు. అత్త ఒక రెక్క పక్కన, కోడలు ఒక రెక్క పక్కన, వాళ్ల వెనక డ్రైవరు. లోపలి మాట ప్రతి అక్షరం వినపడింది.

“గొంతు చాలా రోజులు నొప్పి పెట్టింది. ఉమ్మి మింగితే గాజుపెంకులు మింగినట్టు ఉండేది.”

“మరి ఇంట్లో చెప్పలేదా?”

“అమ్మ మందుకి తగ్గిందంటే నానమ్మ తినదు. నానమ్మ మందుకి తగ్గిందంటే అమ్మ కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది. అందుకని ఒకరోజు అమ్మది, ఒకరోజు నానమ్మది అన్నా.”

“తగ్గలేదని ఒక్కసారైనా చెప్పాల్సింది కదమ్మా.”

“మొదట్లో చెప్పా. అమ్మేమో నానమ్మని ‘నా పిల్లని మీరే చంపుతున్నారు’ అంది. నానమ్మేమో ‘చంపుతోంది నువ్వే’ అంది. నేను చచ్చిపోతున్నాననుకున్నా. భయమేసింది. తగ్గిందనేశా.”

అత్త గోడకు ఆనుకుంది. కోడలు నోట్లో చీరచెంగు కుక్కుకుంది.

పరీక్షలు అయ్యాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “తేనె, అల్లం గొంతుకి హాయిగానే ఉంటాయి. ఆ బిళ్లలూ విషమేం కాదు. కానీ ఇది ఒక రకం క్రిములవల్ల వచ్చిన గొంతునొప్పి. వాటిని ఇవేవీ చంపలేవు. అప్పుడే తీసుకొస్తే పది రోజుల మందుతో పోయేది. ఇప్పుడు దెబ్బ కీళ్ల మీద పడింది, గుండె మీద పడింది. గుండెలో ఒక కవాటం కొద్దిగా కారుతోంది. మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి ఇంజెక్షన్ చెయ్యాలి.”

“ఎన్నిసార్లు?” అన్నాడు డ్రైవరు.

“పిల్లకి ఇరవై ఏళ్లు దాటేదాకా అనుకోండి.”

పిల్లను ఆస్పత్రిలో ఉంచారు. కాసేపు తాను చూసుకుంటానని నర్సు అంది. కావలసిన బట్టల కోసం ఇంటికి వచ్చిన డ్రైవరు అలమర తలుపు ముందు నిలబడిపోయాడు. వెనకే వచ్చిన ఇద్దర్నీ పిలిచాడు. బస్సులో వేసే గొంతు మొదటిసారి ఇంట్లో వినపడింది.

“ఇటు రండి. లెక్కపెట్టండి. ఇటు ఐదు, అటు ఐదు. ఎవరికీ ఒక్క గీత ఎక్కువ పడకుండా పంచింది. ఏడేళ్ల పిల్ల! గాజుపెంకులు మింగుతూ పంచింది. సంబరపడండి, ఇద్దరూ గెలిచారు.”

“మరి మీరు?” అంది కోడలు. “మీరెక్కడున్నారు?”

“పక్కగదిలో. పళ్లెం పట్టుకుని,” అన్నాడతను. అనేసి అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

అత్త తన పొడుగాటి గీత మీద వేలు పెట్టింది. “గుండీ ఊడితే గదంతా పాకి వెతికేదాన్నిరా. పిల్ల నోరు తెరిపించి ఒక్కసారి లోపలికి చూళ్లేదు. తగ్గిందనే మాట ఒక్కటే కావాలనుకున్నా.”

“రోజూ ఎంతమంది తల్లులకి చెప్తానో అత్తయ్యా,” అంది కోడలు. “మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, సీసా మీదే రాసుంది చూడండి, అని వేలు పెట్టి మరీ చూపిస్తా. నా పిల్ల దగ్గర నాకా అక్షరాలు కనపడలేదు. డాక్టరు దగ్గరికెళ్తే మీ ముందు ఓడిపోయినట్టవుతుందనుకున్నా.”

“నేనూ అంతే,” అంది అత్త. ఆ ఇంట్లో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. అంత ఖరీదైన మాట మరే ఇంట్లోనూ ఎవరూ అని ఉండరు.

వాపు తగ్గింది, పిల్ల ఇంటికి వచ్చింది. మూడు వారాలకు ఇంజెక్షన్ రోజు వచ్చింది. మందు చిక్కన, సూది లావు. ఎదిగిన మగాళ్లే బెంచీ అంచు పట్టుకుంటారు. నర్సు సూది దించుతుంటే పిట్ట ఒళ్లు కర్రలా బిగుసుకుంది. కంటికొసన నీళ్లు నిలిచాయి.

“నొప్పేసిందా తల్లీ?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పిట్ట అమ్మ ముఖం చూసింది. నానమ్మ ముఖం చూసింది. “లేదు,” అంది.

ఆ ‘లేదు’ వాళ్లకు సూదికన్నా లోతుగా దిగింది. కారే కవాటానికైనా ఇంజెక్షనుంది. నిజం చెప్పడం మానేసిన పిల్లకు ఏం చెయ్యాలో డాక్టరమ్మ కూడా రాసివ్వలేదు. రెండోసారీ “లేదు” అనే అంది. మూడోసారీ అంతే. నాలుగోసారి ఇద్దరూ అడగడం మానుకున్నారు. పిల్ల ఒక చెయ్యి ఒకరు, ఇంకో చెయ్యి ఇంకొకరు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఎవరి ముఖంలోనూ ఏ జవాబు కోసం ఎదురుచూపు లేదు.

సూది దిగింది. పిట్ట ఇద్దర్నీ చూసింది. చూసేందుకు ఏమీ దొరకలేదు కాబోలు, పెదవులు వణికాయి.

“నొప్పి!” అని అరిచింది. “చాలా నొప్పి! అప్పుడు గొంతు కూడా చాలా నొప్పి! మీ పాకమూ వద్దు, మీ చేపలూ వద్దు! మీ ఇద్దరి మీదా నాకు కోపం!”

వరండాలో ఉన్న జనమంతా తలలు తిప్పారు. కోడలు అత్త భుజం మీద తల వాల్చి భోరుమంది. అత్త ఆమె వీపు మీద ఒక చెయ్యి, పిల్ల తల మీద ఒక చెయ్యి వేసి, కారుతున్న కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, “ఇంకా చెప్పవే తల్లీ. అంతా చెప్పు,” అంది.

పిట్ట చెప్పింది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది. ఇద్దరిలో ఒక్కరు కూడా మాట అడ్డం వెయ్యలేదు.