ఒక ఇంటికి ఒకే టర్కీ

"మీ ఇంటి టర్కీ నిన్ననే వెళ్లిపోయిందమ్మాయ్" అంది స్టోరు కౌంటర్లో ఆర్డిత్, కళ్లజోడు మీదుగా చూస్తూ.

"వెళ్లిపోవడమేమిటి? నడుచుకుంటూ వెళ్లిందా?" అంది టెస్సా.

"మీవారు పట్టుకెళ్లారు. ఎమ్మెట్."

"నాకసలు పెళ్లే కాలేదు!"

"మంచిదే. చెప్పకుండా పట్టుకుపోయేవాణ్ణి చేసుకోకు."

సెప్టెంబరు నుంచి టెస్సా వేరే దుకాణం గడప తొక్కలేదు. నాలుగు వందల డాలర్ల సరుకు కొంటే థ్యాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి ఉచితం. దానికోసం ఆ స్టోరు నిబంధనలన్నీ భరించింది. సూప్ కూపన్ పెద్ద డబ్బాకే చెల్లుతుంది, పెద్ద డబ్బా ఎప్పుడూ ఉండదు. మూల చిరిగిన కూపన్ చెల్లదు. ఒక వస్తువు మీద రెండు కూపన్లు పెడితే అదేదో నేరమన్నట్టు చూస్తారు. అన్నీ దిగమింగింది.

ఎందుకంటే ఈ ఏడాది వాళ్లమ్మకి మాటిచ్చింది. "పండగ మా ఇంట్లోనే. నువ్వు కూర్చో, నేను వడ్డిస్తాను" అంది. తల్లి బెర్నడీన్ "చూద్దాం" అంది. ఆ ఒక్క మాట అప్పట్నుంచీ టెస్సాకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. స్కూలు లైబ్రరీలో వచ్చే జీతంతో అంత కోడిని కొనడం ఆమెకి కుదిరే పని కాదు.

ఆర్డిత్ కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించింది. టెస్సా ఉండేది పై వాటా. కింది వాటాలో కొత్తగా దిగినతను కూడా కొనుగోళ్లు లెక్కకట్టే ఇక్కడి కార్డు తీసుకున్నాడు. రెండు వాటాలకీ ఇంటి నెంబరు ఒకటే. ఒక నెంబరుంటే ఒకే కుటుంబం, కొన్నదంతా ఒకే లెక్క, ఒక కుటుంబానికి ఒకే టర్కీ. పెళ్లిచూపులైనా లేకుండా కంప్యూటరు ఇద్దర్నీ ఒక ఇంటివాళ్లని చేసేసింది.

ఒహాయోలో నవంబరు వాన మర్యాద తెలియనిది. ఇల్లు చేరేసరికి టెస్సా తల మీంచి నీళ్లు కారుతున్నాయి. నేరుగా వెళ్లి కింది వాటా తలుపు బాదింది.

పొడుగాటి యువకుడొకడు తలుపు తీశాడు. మోచేతుల దాకా ఉప్పు.

"నా టర్కీ ఇవ్వండి."

"ఎవరండీ మీరు?"

"స్టోరువాళ్ల లెక్కలో మీ ఆవిణ్ణి."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే లోపలికి రండి, తడిసిపోతున్నారు."

టర్కీ ఒక బకెట్లో, ఉప్పునీళ్లలో మంచంతా కరిగి కూర్చుంది.

"పాలూ, షేవింగ్ క్రీమూ కొన్నానండీ. బిల్లుతో పాటు టర్కీ కూపన్ వచ్చింది. ఈ ఊరివాళ్లు ఎంత మంచివాళ్లో అనుకున్నాను."

"ఆ మంచిదాన్ని నేనే! మూడు నెలలు మోసింది నేను! అయినా పండగ వచ్చే వారమైతే ఇప్పుడే ఎందుకు కరిగించారు?"

"పండగ రోజు నాకు బస్సు డ్యూటీ. అందుకే ముందే వండుకుందామని."

"ఇంత కోడినీ ఒక్కరే తింటారా?"

"శాండ్‌విచ్‌లు చేసుకుంటే వారం వస్తుంది" అన్నాడు మామూలుగా.

ఆ మామూలుతనానికి టెస్సా కోపం సగం చల్లారింది. మిగతా సగం మర్నాడు స్టోరుకి పట్టుకెళ్లింది. వెంట అతన్నీ తీసుకెళ్లింది.

"మేం ఒకరికొకరం తెలియనే తెలియదండీ" అన్నాడు ఎమ్మెట్.

"మీరు మాట్లాడకండి. అంతా మీవల్లే."

"సాయం చేద్దామని..."

"కరిగించేముందు ఉండాల్సింది ఆ బుద్ధి!"

ఆర్డిత్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇచ్చిన టర్కీ మళ్లీ ఇవ్వరు. వేరువేరు కుటుంబాలని పై ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే వచ్చే ఏడాది సంగతి చూడొచ్చు. కానీ మిమ్మల్ని చూస్తుంటే నేనే నమ్మలేకపోతున్నానమ్మాయ్."

బయట తన కారు దగ్గర ఎమ్మెట్ మెల్లగా అన్నాడు. "ఆ కోడి మీదే. తీసుకోండి. కాకపోతే కరిగింది పండగ దాకా ఆగదు. పండగనే ముందుకి జరిపితే?"

టెస్సా తిట్టబోయి మానేసింది.  వాళ్లమ్మకి ఫోన్ చేసి, శనివారమే రమ్మంది.

పై వాటా ఓవెన్‌లో టర్కీ పట్టలేదు, కింది వాటాలో పట్టింది. ఆమె రొట్టె ముక్కలు కూరి ఇచ్చిన కోడిని అతను వెన్న రాసి కాల్చాడు. ఇరుకు మెట్ల మీద ట్రేని చెరో పక్కా పట్టుకుని ఎక్కారు.

"మెల్లగా!"

"మీరే మెల్లగా!"

బెర్నడీన్ మాట ప్రకారం కూర్చుంది. టెస్సా వడ్డించింది. తల్లి ముక్క నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

"ఉప్పు సరిపోయింది" అంది చివరికి. టెస్సా పాతికేళ్ల జీవితంలో ఆవిడ ఇంత పొగడ్డం ఇదే. తర్వాత తల తిప్పి, "ఇంతకీ ఇతనెవరే?" అంది.

"కింది వాటాలో ఉంటారు."

"స్టోరువాళ్ల లెక్కలో ఒకే కుటుంబమండీ" అన్నాడు ఎమ్మెట్, ఉన్నమాటే కదా అని.

"స్టోరువాళ్లకి చెప్పి నాకు చెప్పలేదేమే?"

టెస్సా గబగబా అందరికీ నీళ్లు పోసింది. బెర్నడీన్ టర్కీ రొమ్ము దగ్గర మంచి ముక్క కోసి అతని పళ్లెంలో వేసింది. "తిను బాబూ. మరీ సన్నంగా ఉన్నావ్."

ఆవిడ వెళ్లాక ఇద్దరూ గిన్నెలు కడగడానికి నిలబడ్డారు.

"వచ్చే ఏడాదికి పై ఆఫీసుకి రాద్దామా? వేరువేరని ఒప్పుకుంటే రెండు టర్కీలొస్తాయి" అన్నాడు ఎమ్మెట్.

టెస్సా పళ్లెం తుడవడం ఆపలేదు. "రెండెందుకు? ఒక్కటి పైకెక్కించేసరికే ప్రాణాలు పోయాయి."

"అయితే రాయొద్దా?"

"వద్దు. నువ్వు ముందా ట్రే ఇటివ్వు."

ఆ 'నువ్వు' దగ్గరే ఆగిపోయిన ఎమ్మెట్, ట్రే బదులు గరిటె అందించాడు.