తొట్టిలో పచ్చనీళ్ళు

నాగదుర్గ పొద్దున్నే వాకిలి ఊడ్చి, పాలు పొయ్యి మీద పెట్టి, హాల్లో ఉన్న అక్వేరియం దగ్గరికి వచ్చింది. రోజూ మూత మీద వేలితో రెండుసార్లు కొడితే చాలు, జానెడు పొడవున్న ఆస్కార్ చేప అద్దం దగ్గరికి దూసుకొచ్చి నోరు తెరిచేది. ఆ ఆదివారం రాలేదు. ఓ మూల గాలిగొట్టం పక్కన తల కాస్త కిందికి వాల్చి నిలబడి ఉంది. మేత వేస్తే గుళికలు దాని ముందునుంచే జారి అడుక్కి పోయాయి.

"అత్తయ్యా, ఓసారి ఇలా రండి. చేప తినట్లేదు."

"నిన్న ఎక్కువ వేసుంటావు. అరగలేదేమో," అంది సుబ్బాయమ్మ వంటింట్లోంచే. రాలేదు.

నాగదుర్గ స్టూలెక్కి పైనుంచి చూసింది. చేప పొట్ట రెండు పక్కలా ఉబ్బిపోయి ఉంది. ఒంటికి అంటిపెట్టుకుని ఉండాల్సిన పొలుసులు పనసకాయ మీది ముళ్ళలా పైకి లేచాయి.

ఆ ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళిద్దరే. సుబ్బాయమ్మ ఒక్కగానొక్క కొడుకు రాజ్ కుమార్ పోయి రెండేళ్ళయింది. రాజోలు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో మోటార్లు బాగుచేసేవాడు. పెళ్ళయిన కొత్తలో కాకినాడ నుంచి ఆ చేపని, బొటనవేలంత పిల్లని, నీళ్ళు పోసిన సంచీలో పెట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అతను పోయాక పుట్టింటివాళ్ళు రమ్మంటే నాగదుర్గ వెళ్ళలేదు. ఊళ్ళో అంగన్‌వాడీలో పనిచేస్తూ అత్తగారి దగ్గరే ఉండిపోయింది. ఊరంతా మెచ్చుకుంది. ఇంట్లో మాత్రం ఉప్పు అయిపోయిందనో, కరెంటు పోయిందనో తప్ప ఇద్దరి మధ్యా మాటలుండేవి కావు.

ఫోన్ చేస్తే దొరబాబు వచ్చాడు. రాజ్ కుమార్ స్నేహితుడు. రాజోలులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని. చిన్న సీసాల్లో నీళ్ళు పట్టి చుక్కలు వేసి చూశాడు. టార్చి వేసి చేపని చాలాసేపు చూశాడు.

"నీళ్ళలో ఏం తేడా లేదు చెల్లెమ్మా. శుభ్రంగా ఉంచేరు. ఎన్నాళ్ళనించి తినట్లేదు?"

"నిన్న సాయంత్రం కూడా తింది అన్నయ్యా."

"అది అలాగే ఉంటాదండి. లోపల కిడ్నీలు పాడైతే నీరు బయటికి పోదు. పొట్టలో నిలబడిపోద్ది. దానికే ఈ పొలుసులు లేవడం. వయసు కూడా అయింది కదా." టార్చి ఆర్పాడు. "ఇలాంటివి పదింట్లో ఒకటి బతికితే గొప్ప. అయినా చేద్దాం. వేరే తొట్టిలో పెట్టి, మందులషాపులో దొరికే ఎప్సమ్ సాల్టు, అదే భేది ఉప్పు, కాస్త కలపండి, నీరు లాగుద్ది. రోజూ మూడోవంతు నీళ్ళు మార్చండి. మేతలో కలిపే మందు పంపిస్తాను. వెలుతురు తగలనివ్వకండి."

"ఆయ్," అంది నాగదుర్గ, అతను చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుంటూ.

నీలం ప్లాస్టిక్ తొట్టి కడిగి పెరటి వరండాలో పెట్టింది. అక్వేరియం కోసం ముందురోజే పట్టి ఉంచిన కుళాయి నీళ్ళు పోసింది. పైన తడిగుడ్డ కప్పింది. మూడు రోజులు అంగన్‌వాడీకి సెలవు పెట్టింది. గంటకోసారి గుడ్డ తీసి చూసేది. మందు కలిపిన గుళికని వేళ్ళతో పట్టుకుని నోటి దగ్గర పెట్టేది. చేప ఒక్కసారి నోట్లోకి తీసుకుని, వెంటనే ఉమ్మేసింది. పొట్ట ఇంకా పెరిగింది.

సుబ్బాయమ్మ మాత్రం ఆ వరండాలోకి అడుగు పెట్టలేదు. బావి దగ్గరికి కూడా ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆ పొట్ట చూడలేకే అని నాగదుర్గకి తెలుసు. ఆఖరి రోజుల్లో రాజ్ కుమార్ పొట్ట కూడా అలాగే ఉబ్బింది. తెలిసీ, "మీ అబ్బాయి తెచ్చిన చేపని కూడా చూడరా?" అని ఒకసారి వినబడేలా అంది.

నాలుగో రోజు తెల్లవారేక గుడ్డ తీస్తే తొట్టిలో నీళ్ళు పచ్చగా ఉన్నాయి. చేప ఒక పక్కకి ఒరిగి, నోరు నీళ్ళ పైకి పెట్టి ఎగశ్వాస తీస్తోంది. తొట్టి అంచున నలిగిన ఆకులు అంటుకుని ఉన్నాయి. వాసన చూడగానే తెలిసింది. నేల ఉసిరి పసరు.

"అత్తయ్యా!"

ఆ కేకకి సుబ్బాయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. వేళ్ళ సందుల్లో ఇంకా పచ్చదనం ఉంది.

"ఏం పోశారు ఇందులో?"

"రెండు చుక్కలే... నీరు తీసేస్తుందని..."

"ఎవరడిగేరు మిమ్మల్ని? దీన్ని కూడా చంపేదాకా నిద్ర పట్టదా మీకు? ఆయనకీ ఇలాగే చేశారు. కళ్ళు పచ్చబడ్డాయి, ఆసుపత్రికి వెళ్దామండీ అని కాళ్ళా వేళ్ళా పడితే, పచ్చకామెర్లకి పసరు చాలన్నారు. పది రోజులు! పది రోజులు మీ పసరు పోసి, చెయ్యి దాటిపోయేక పంపించారు!"

రెండేళ్ళుగా ఎవరూ అనని మాట.

సుబ్బాయమ్మ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది.

"నాకు తెలీదనుకున్నావే? అన్నం కలిపిన ప్రతిసారీ ఈ చెయ్యి చూసుకుంటాను. ఈ చేత్తోనే వాడికి తాగించేను. చేదుగా ఉందమ్మా అన్నాడు. ముక్కు మూసి పోసేను. నువ్వు ఒక్కసారైనా తిడతావేమోనని చూశాను. తిట్టలేదు. వెళ్ళిపోతావేమోనని చూశాను. వెళ్ళలేదు. నన్ను చూస్తూ కూర్చోడానికే ఉన్నావనుకున్నాను."

నాగదుర్గ బకెట్టు తెచ్చి పచ్చనీళ్ళు తోడేసి మంచినీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ల్యాబుకి వెళ్తూ చేపని చూసి పోదామని దొరబాబు వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు, ఒకరు తొట్టి దగ్గర, ఒకరు గోడ దగ్గర.

అతను వంగి చేప మొప్పలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంక లేదు చెల్లెమ్మా. కష్టపెట్టకండి. వదిలేయండి."

"బాబూ," అంది సుబ్బాయమ్మ. "నేను పసరు పోసేను. పోయకపోతే బతికేదా?"

దొరబాబు ఇద్దర్నీ చూశాడు. "లేదు పిన్నిగారూ. పసరు పోయకూడదు, అది వేరే సంగతి. కానీ పొట్ట ఉబ్బి మనకి కనపడేసరికే లోపల అంతా అయిపోయి ఉంటాదండి. ఎప్పుడో మొదలైపోయింది. ఎవరూ చేసేది లేదు."

నాగదుర్గ చేతిలోని చెంబు తొట్టిలో పడిపోయింది. ఈ మాట ఆమె ఇంతకుముందు విన్నది.

చేప మధ్యాహ్నం లోపే పోయింది. కొబ్బరిచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది నాగదుర్గ. కాళ్ళు కడుక్కుని వచ్చి, ఇంకా గోడకి చేరబడే ఉన్న అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, మీకో మాట చెప్పాలి."

"ఇంకేం మిగిలిందే?"

"కాకినాడలో డాక్టరుగారు నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచేరు కదా. ఆరోజు ఆయన చెప్పేరు. ఈయన లివరు ఎప్పుడో ఏళ్ళ కిందటే గట్టిపడిపోయిందిట. బయటికి కనపళ్ళేదంతే. పసరు గురించి నేనే అడిగేను. అది ఇవ్వకూడదమ్మా అన్నారు. కానీ పది రోజులు ముందు తెచ్చినా మేం బతికించలేకపోయేవాళ్ళం అన్నారు."

సుబ్బాయమ్మ కళ్ళు ఆమె మీదే నిలిచిపోయాయి.

"నీకు అప్పుడే తెలుసా?"

"ఆయ్."

"రెండేళ్ళు చెప్పలేదా?"

"చెప్పలేదు." నాగదుర్గ గోళ్ళలోని మట్టి గీరుకుంది. "ఎవరో ఒకరి తప్పు అయ్యుండాలి అత్తయ్యా. ఎవరి తప్పూ లేకుండా ముప్ఫై నాలుగేళ్ళ మనిషి పోయేడంటే నేను తట్టుకోలేకపోయేను. మీరు కుమిలిపోతుంటే చూశాను. చూస్తూ ఊరుకున్నాను. పసరు పోసింది మీరు. కానీ మిమ్మల్ని రోజూ కొంచెం కొంచెంగా చంపింది నేనే."

సుబ్బాయమ్మ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనే అనుకుని నాగదుర్గ కళ్ళు మూసుకుంది. కొట్టినా బాగుణ్ణనుకుంది. ఆ చెయ్యి వచ్చి ఆమె జడ పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేలా. అలా పట్టుకునే ముసలామె తల వంచి, కోడలి భుజానికి నుదురు ఆన్చి ఏడ్చింది. కొడుకు పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు.

ఎంతసేపటికో ఏడుపు ఆగింది. జడ వదల్లేదు.

"ఏమన్నాడే ఆ డాక్టరు?"

"ముందు తెచ్చినా బతికించలేకపోయేవాళ్ళం అన్నారు అత్తయ్యా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. సుబ్బాయమ్మ పెదవులు ఆ మాటల్ని తనలో తను అనుకుంటూ కదిలాయి.

"ఇంకోసారి."

నాగదుర్గ ఆమెని దగ్గరికి తీసుకుని, డాక్టరుగారు గదిలోకి పిలిచిన దగ్గర్నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది.