తూర్పు మూల పదహారడుగులు

ఆదివారం సాయంత్రం నాలుగున్నర... రాహుకాలం మొదలైంది. పైగా అమావాస్య!

అమెరికాలో, మిషిగన్‌లోని నోవై ఊరి మీద ఆకాశం నల్లబడింది. డిసెంబరు సూర్యుడు అప్పటికే మేఘాల్లో మునిగిపోయాడు. ఎడతెగని మంచు... ఆ మంచులోనే ఫెళఫెళమని ఉరుము! పెరట్లో ఆకులు రాలిన మేపుల్ చెట్టు మీద ఒక గుడ్లగూబ మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఇంటి బేస్‌మెంట్ కిటికీ వైపే రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆ బేస్‌మెంట్‌లో ఒక్క దీపం వెలుగులో నల్లటి ముగ్గు. ముగ్గు మధ్యలో ఇంకా మట్టి వదలని ఒక పుర్రె! దాని ముందు నల్ల శాలువాతో దివాకర్. ఎదురుగా జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి కూర్చున్న అవని. మెట్ల మీద ఆమె భర్త నిశాంత్.

వాళ్ళకు పెళ్ళయి ఐదు నెలలు. ఇల్లు కొని రెండు నెలలు. ఆ ఇంట్లో ప్రతిదీ వాళ్ళకు పండగే. గరాజ్ తలుపు దానంతటది లేస్తే అవని చప్పట్లు కొట్టేది. మెయిల్‌బాక్స్ మీద పక్కపక్కనే ఉన్న రెండు పేర్లను నిశాంత్ రోజూ చేత్తో తుడిచి మరీ ఆఫీస్‌కి వెళ్ళేవాడు. సోఫా ఇంకా రాలేదని అట్టపెట్టెల మీద కూర్చుని ఒకే కప్పులో టీ తాగేవారు. అది చాలు అనిపించేది ఇద్దరికీ.

దివాకర్ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అంకులే. నోటరీ స్టాంపు ఉంది, వాస్తు కూడా చూస్తాడు. గృహప్రవేశం రోజు పాయసం తింటూ దివాకర్ నిశాంత్ పక్కకు జరిగాడు.

"ఎచ్-వన్ వీసా మీదున్నావ్ కదా బాబూ. రేపు లేఆఫ్ అయితే అరవై రోజుల్లో దేశం వదలాలి. ఇల్లు అమ్ముకునే టైమ్ ఎక్కడిది? నాలాంటి సిటిజెన్ పేరు మీద ఒక క్విట్‌క్లెయిమ్ రాసిపెట్టుకో. రిజిస్టర్ చెయ్యనులే, నా దగ్గరే ఉంటుంది. సేఫ్టీకి!"

ఇంటి మీద హక్కులన్నీ వదులుకుంటున్నానని చెప్పే కాగితం అది. నిశాంత్ సంతకం పెట్టేశాడు. వీసా భయం అలాంటిది! కానీ మిషిగన్‌లో భార్యాభర్తలు కలిసి కొన్న ఇల్లు ఒక్కరి సంతకంతో చేతులు మారదు. అవని మాత్రం పెన్ను ముట్టలేదు.

"అంకుల్‌కి మన మీద అంత ప్రేముంటే, ఆయన ఇల్లే మన పేరు మీద రాయమను. సేఫ్టీకి!" అని పకపకా నవ్వింది.

ఆ మర్నాటి నుంచే ఆమె నవ్వు ఆగిపోయింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గంటల తరబడి గోడవైపు చూసేది. ఎవరిదో బొంగురు గొంతుతో గొణిగేది. భయపడి నిశాంత్ ఫోన్ చేసింది ఎవరికి? దివాకర్‌కే!

"వాస్తు దోషం బాబూ. ఆదివారం వచ్చి శాంతి చేస్తా. నువ్వు మెట్లు దిగకు" అన్నాడు దివాకర్.

ఇప్పుడు దివాకర్ శాలువా మడతలోంచి కాగితం తీసి అవని ముందు పెట్టాడు. నిశాంత్ సంతకం ఉన్న కాగితమే! నిశాంత్ పరుగెత్తబోయాడు... కాళ్ళు మెట్టుకు అతుక్కుపోయాయి!

"అంకుల్! ఏం చేస్తున్నారు? తనని వదిలేయండి!"

"ఆరిళ్ళు ఇలాగే తీసుకున్నా. ఇది ఏడోది" దివాకర్ పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "సంతకం పూర్తయిందంటే ఇల్లు నాది, ఈ పిల్ల ప్రాణం పుర్రెది! నీకు అరవై రోజులు కూడా అక్కర్లేదురా. రేపే ఫ్లైట్ బుక్ చేసుకో!"

అవని వేళ్ళు కొంకర్లు పోతూ పెన్ను పట్టుకున్నాయి. మొదటి అక్షరం పడింది. ఆమె ముక్కు నుంచి ఒక్క నెత్తుటి బొట్టు కాగితం మీద రాలింది!

"అవనీ! వద్దు! నన్ను చూడు!"

ఆమె చూడలేదు. రెండో అక్షరం...

దివాకర్ చేతులు పైకెత్తి గర్జించాడు. "ఈ నేల నాలుగు మూలలూ నావి! పైనున్నదీ నాది, కిందున్నదీ నాది!"

నాలుగు మూలలా? నిశాంత్ మెదడులో ఏదో మెరిసింది. ఇంటి తాళాలు తీసుకున్న రోజు, ఇంటి హక్కు పత్రాలు చూసే టైటిల్ కంపెనీలో ఒక ముసలావిడ డీడ్‌లోని, అంటే ఇంటి దస్తావేజులోని, ఒక పేరా మీద వేలు పెట్టి ఇద్దరిచేతా ఇనిషియల్స్ వేయించింది. నూట ఎనభై ఏళ్ళ కిందట ఈ నేల దున్నిన కుటుంబం, తూర్పు మూల పదహారడుగుల చదరంలో తమవాళ్ళను పాతిపెట్టుకుంది. ఆ ముక్కను మినహాయించే నేల అమ్మింది. అప్పటినుంచి ఎన్ని చేతులు మారినా ఆ మూల ఎవరికీ చెందలేదు!

"తూర్పు మూల మాది కాదు!" గొంతు చిరిగేలా అరిచాడు నిశాంత్. "అది సమాధుల చోటు. అమ్మేది కాదు, కొనేది కాదు. డీడ్‌లోనే ఉంది! మాది కానిది నీకెలా రాసిస్తాం?"

"చచ్చినోళ్ళకి హక్కులేంట్రా!" దివాకర్ ఎగతాళిగా ఉమ్మాడు. "ఈ పుర్రెను ఆ మూల నుంచే తవ్వా! ఒక్కడైనా అడ్డొచ్చాడా?"

దీపం ఆరిపోయింది.

చీకట్లో... ఎముక నేల మీద ఒరుసుకునే చప్పుడు. అవని వైపు చూస్తున్న పుర్రె మెల్లగా... మెల్లగా... దివాకర్ వైపు తిరిగింది! తూర్పు గోడ వెనక నుంచి ఒకటి కాదు, పది గొంతులు.

"నాట్... యువర్స్..."

గోడ పగిలింది! గడ్డకట్టిన మట్టిలోంచి చేతులు... ముసలి చేతులు, ఆడ చేతులు, పాలుతాగే పిల్లవాడివంత చిన్న చేతులు! దివాకర్ మంత్రం చదవబోయాడు. నోటి నిండా మట్టి! శాలువా, కాగితం, మనిషి... అన్నీ ఒక్క గుంజుతో గోడలోకి! ఎముకలు విరిగిన చప్పుడు. ఒక్క కేక. ఆ తర్వాత గోడ మూసుకుపోయింది, పగులన్నదే లేనట్టు.

అవని పెన్ను జారవిడిచి కూలిపోయింది. కాళ్ళు విడివడిన నిశాంత్ దూకి పట్టుకున్నాడు.

"నిశాంత్... చలేస్తోంది" అంది. తన గొంతుతోనే!

అతను ఏడ్చేశాడు. కానీ పుర్రె ఇంకా అక్కడే ఉంది. వాళ్ళనే చూస్తోంది.

"ఇచ్చేద్దాం పద" అంది అవని, పళ్ళు టకటకలాడుతుంటే.

మోకాళ్ళ లోతు మంచులో తూర్పు మూలకు నడిచారు. అరిగిపోయిన రాళ్ళ మధ్య తవ్విన గుంట నల్లగా నోరు తెరిచి ఉంది. నిశాంత్ పుర్రెను రెండు చేతులతో అందులో పెట్టాడు.

"సారీ అండీ" అన్నాడు. ఇంకేమనాలో తెలియలేదు.

మట్టి దానంతటదే కదిలి కప్పుకుంది. లోతుగా, చాలా లోతుగా, దివాకర్ గొంతు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

పరుగెత్తకూడదని అవని అతని చెయ్యి బిగించి పట్టుకుంది. వెనక్కి తిరగకుండా, ఒక్కొక్క అడుగే లెక్కపెడుతూ నడిచారు. పదహారో అడుగు దాటి తమ నేల మీద కాలు మోపేదాకా ఇద్దరూ ఊపిరి పీల్చలేదు.