ధనశ్రీ పాస్ చెయ్యని ప్యాచ్

"ఎలా పరీక్షించాలో రాయలేదు. వెనక్కి పంపుతున్నాను."

ధనశ్రీ నాతో అన్న మొదటి మాట ఇది. అన్నది కూడా కాదు, నా ప్యాచ్ కింద టైపు చేసింది. నమస్కారం లేదు, కష్టపడ్డారు పాపం అన్న మాట లేదు. వారాల తరబడి కూర్చుని రాసిన కోడుని రెండే రెండు ముక్కలతో నా మొహాన కొట్టింది.

ముందు బొంత సంగతి చెప్పాలి. కోడ్ రానివాళ్ళు కూడా తమ వెబ్‌సైట్లో వార్తలు, ఫోటోలు, ధరలు తామే ఎక్కించుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అది. ఎవరి సొత్తూ కాదు. ఊరూరా ఉన్నవాళ్ళు తీరిక వేళల్లో తలో ముక్కా కుడతారు కాబట్టి బొంత అని పేరు పెట్టుకున్నాం. ఆ ముక్కనే ప్యాచ్ అంటాం. ఎవరైనా ప్యాచ్ పంపొచ్చు గానీ, ఇంకొకరు దాన్ని పరీక్షించి అప్రూవ్ బటన్ నొక్కితేనే బొంతలో కలుస్తుంది. ఆ ఇంకొకరు నా ఖర్మకొద్దీ ధనశ్రీ అయింది.

అనకాపల్లి బెల్లం మార్కెట్లో వ్యాపారులకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. వాళ్ళు ఫోన్లో ఆరోజు ధరలన్నీ టైపు చేస్తారు. సరిగ్గా చివర్లో నెట్ పోతుంది, రాసిందంతా పోతుంది, నాకు ఫోన్ చేసి తిడతారు. అందుకని నెట్ పోయినా రాసింది ఫోన్లోనే ఉండి, నెట్ రాగానే తిరిగి కనబడేలా ప్యాచ్ రాశాను. శాలువా కప్పాల్సిన పని. ఈవిడ తిప్పి పంపింది.

సరే, ఎలా పరీక్షించాలో రాశాను. "బ్యాటరీ అయిపోతే ఏమవుతుందో రాయలేదు" అంది. అదీ రాశాను. "మీరు రాసినట్టు జరగలేదు" అని స్క్రీన్‌షాట్ పెట్టింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళని చూశాను గానీ, పీకిన ఈకకి ఫోటో తీసి పెట్టే మనిషిని అప్పుడే చూశాను.

నెలకోసారి తారక్ కంప్యూటర్ సెంటర్ మేడ మీద మేం బొంతవాళ్ళం కలుస్తాం. తారక్ నా స్నేహితుడు, మా గుంపుకి పెద్ద. ఒకసారి నేను అక్కడ కూర్చుని ఎవరిని తిడుతున్నానో అందరికీ అర్థమయ్యేలా తిడుతుంటే, మెళ్ళో కంపెనీ ఐడీ కార్డుతో ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది.

"దేవీప్రసాద్ గారంటే మీరేనా?"

"అవునండీ."

"నాను ధనశ్రీని. ఆపేసేరేటి? కానీండి."

నేనే తేరుకుని, "మీకు నా మీద కోపమేటండీ?" అన్నాను.

"కోపమెందుకు? నాను అచ్యుతాపురంలో మందుల కంపెనీలో క్వాలిటీలో సేత్తన్నాను. మా దగ్గర ఒకటే మాట. సేసింది రాయకపోతే సెయ్యనట్టే."

"ఇది మందుబిళ్ళ కాదండీ. ఎవరూ మింగరు."

"మింగరు. రాసింది పోతే మాత్రం మిమ్మల్నే తిడతారు. ఆ తిట్లు తప్పిద్దామనే కదా నా తాపత్రయం."

నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మాత్రమే కదులుతుంది. ఆ విషయం నేనెందుకు గమనించానో నాకే తెలియలేదు, కానీ ఆ రాత్రంతా అదే గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఆ తర్వాత గారూ గీరూ పోయి నువ్వులోకి దిగాం, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం, ప్యాచ్ మాత్రం అంగుళం కదలలేదు. ఒకరోజు కంపెనీ బస్సులోంచే ఫోన్ చేసింది.

"మునగపాక దాటేక సెరుకు తోటల దగ్గర సిగ్నల్ పోతాది కదా. అక్కడ టైపు సేత్తే ఆఖరి లైను ఎగిరిపోతంది."

"నా ఫోన్లో పోట్లేదే."

"నీ ఫోను ఇంట్లో మంచం మీద ఉంటాది. ఇలాగొచ్చి సూడు."

కంపెనీ బస్సులో నన్ను ఎక్కనివ్వరు. మర్నాడు పొద్దున్నే బైకేసుకుని ఆ బస్సు వెనకే పడ్డాను. వెనక కిటికీలోంచి ధనశ్రీ ఫోనెత్తి చూపిస్తుంది, నేను రోడ్డు పక్కన ఆగి నా ఫోన్లో టైపు చేస్తాను, మళ్ళీ బస్సుని అందుకుంటాను. బస్సులో ఆడపిల్లలందరూ వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. నిజంగానే ఆఖరి లైను పోతోంది. తప్పు నాది. ఆ సంగతి ఒప్పుకోవాల్సి రావడం ఇంకా చిరాకు.

ఆ తప్పు దిద్దిన సాయంత్రం ధనశ్రీ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కంపెనీ బస్సు దిగింది. వాన మొదలైంది. ఇద్దరం టీకొట్టు రేకు కింద నిలబడ్డాం. ఆమె చున్నీ అంచుతో ఫోను తుడుస్తోంది, మొహం తుడుచుకోవాలన్న ధ్యాస లేదు. నాకు మాట ఆగలేదు.

"ధనశ్రీ, నీకొకటి సెప్పాలి."

ఆమె తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. నా మొహంలో అంతా రాసుందేమో మరి, చదివేసింది.

"సెప్పకు."

"ఏటో తెలీకుండానే?"

"తెలిసే అంటన్నాను. నీ ప్యాచ్ నా సేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తకు, ప్రసాదూ. ముందు ఆ పని తేలనీ."

వాళ్ళ ఊరి బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను తడిసి ఇంటికెళ్ళాను.

అప్పట్నుంచీ నా బతుకంతా ఆ బటన్ మీదకొచ్చి పడింది. ప్యాచ్ పాసయితేనే నోరు విప్పాలి. ఆమె పాస్ చెయ్యదు. ఒకటి దిద్దితే ఇంకొకటి బయటపెడుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, నాకు దేవుడూ పూజారీ ఒక్కరే అయి కూర్చున్నారు.

తారక్‌తో మొత్తుకున్నాను. వాడు టీ తాగుతూ తాపీగా అన్నాడు, "మామా, కాదని మొహం మీద చెప్పలేక తిప్పుతోందేమో. మంచి పిల్ల కదా, మర్యాదగా చెబుతోంది."

ఆ మాట నాలో ముల్లులా దిగింది. నిజమే అయ్యుండొచ్చు. ఆమె ఎత్తి చూపిన ప్రతి తప్పూ నన్ను మాట్లాడనివ్వకుండా అడ్డంపెట్టిన కర్రేమో. బొంత కొత్త వెర్షన్ రిలీజ్‌కి ప్యాచ్‌లు తీసుకునే గడువు ఆ నెల మేం మేడ మీద కలిసే రోజు సాయంత్రం ఆరుతో అయిపోతుంది. ఆరోజు ఆమె నొక్కకపోతే అది కాదనడమేనని నేను నిశ్చయించుకున్నాను.

ఆరోజు పొద్దుట్నుంచీ వాన. ధనశ్రీ వాళ్ళ నాన్న బండి మీద వచ్చింది. ఎర్రయ్య గారు నాతవరంలో చెరుకు రైతు. కూతుర్ని దింపి వెళ్ళిపోదామనుకున్నవాడు, వాన చూసి మేడెక్కి, వెనక కుర్చీలో కూర్చుని పకోడీ పొట్లం విప్పాడు. పాడేరు నుంచి పద్మకుమారి గారు వీడియోలో కలిశారు. ఆవిడా ధనశ్రీలాగే ప్యాచ్‌లు పరీక్షించే రివ్యూయరే.

"ఆఖరి పరీక్షకి కంప్యూటర్ తెలియని మనిషి చేత రాయిద్దాం" అన్నాడు తారక్. అందరం ఒకేసారి వెనక్కి తిరిగాం.

ఎర్రయ్య గారు పకోడీ నమలడం ఆపాడు. "నానా? నాకేటి తెలుసు బాబూ."

"మీకు ఏది కావాలో అది రాయండి మామా" అని నా ఫోను చేతిలో పెట్టాను. మామా అన్నది ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచే అలవాటు కొద్దీనే. ధనశ్రీ మాత్రం కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసింది.

ఆయన చూపుడు వేలుతో ఒక్కో అక్షరం వెతికి, సెరుకు నరకడానికి మనుషులు కావాలి, నాతవరం ఎర్రయ్య, అని రాశాడు. ఆఖరి అక్షరం పడుతూనే కరెంటు పోయింది. వైఫై పోయింది, తెర మీద పద్మకుమారి గారూ పోయారు. ఆ మేడ మీద ఫోన్ సిగ్నల్ అందదు. ఎర్రయ్య గారు కంగారుపడి పేజీ మూసేసి ఫోను నా చేతిలో పడేశాడు.

"నానేటీ సెయ్యలేదు. దానంతట అదే పోనాది."

తారక్ కిందకి పోయి ఇన్వర్టర్ వేశాడు. నెట్ వచ్చింది, తెర మీదకి పద్మకుమారి గారూ తిరిగొచ్చారు. పేజీ తెరిచాను. ప్రతి అక్షరం అలాగే ఉంది. ఎర్రయ్య గారు తొంగిచూసి, "ఒరే, నా మాట నిలబడిందే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నొక్కమ్మా ధనశ్రీ, ఆరవుతోంది" అన్నాడు తారక్.

ధనశ్రీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. అప్రూవ్ బటన్ ఆకుపచ్చగా కనబడుతోంది. చెయ్యి మౌస్ మీద పెట్టింది, తీసేసింది.

"నాను నొక్కను."

నాలో ఏదో పుటుక్కుమంది. వాళ్ళ నాన్న ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయాను.

"ఇంకేటి తప్పు? సెప్పు. బ్యాటరీ సూసేను, సెరుకు తోటలో సూసేను, నీ బస్సు వెనకాల పడి జనం సేత నవ్వించుకున్నాను. ఇప్పుడు మీ నాన్న సేత రాయించేను. ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క అనేయొచ్చు కదా. ఇంత తిప్పడమెందుకు?"

ధనశ్రీ తల వంచుకుని ఉంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"తప్పేటీ లేదు. బాగా సేసేవు. కానీ నాను నొక్కకూడదు. రూల్ ఉంది."

"ఏ రూలు?"

"ఇంట్లోవాళ్ళ పని ఇంట్లోవాళ్ళు పాస్ సెయ్యకూడదు."

"మనం ఇంట్లోవాళ్ళం కాదు కదా."

"ఇయ్యాల కాదు." ఇప్పుడు తలెత్తింది. "నాను బటన్ నొక్కుతాను. నువ్వు మెట్లు దిగకుండానే ఆ మాట అడుగుతావు. నాను ఔనంటాను. రేపు అందరూ ఏటనుకుంటారు? కాబోయేవోడని వదిలేసిందంటారు. నీ పనికి ఆ మాట రాకూడదు. నాకూ ఆ భయమే, ఇష్టంకొద్దీ నీ తప్పు సూడకుండా వదిలేత్తానేమోనని. అందుకే అందరి పని కంటే నీ పని గట్టిగా సూసేను. ఇంక నా వల్ల కాదు. తప్పుకుంటన్నాను."

ఇన్నాళ్ళ చిరాకు ఎటు పోయిందో తెలియదు. దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తారక్ టీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తెర మీద పద్మకుమారి గారు గొంతు సవరించుకున్నారు. "అయితే నేను తీసుకుంటానండీ. కాకపోతే మొదట్నుంచీ చూడాలి కదా. ఈ రిలీజ్‌కి అవ్వదు."

మరో వేళైతే తల గోడకేసి కొట్టుకునేవాణ్ణి. "మెల్లగానే సూడండి మేడం" అన్నాను.

వెనక పకోడీ పొట్లం మడిచిన చప్పుడైంది. ఎర్రయ్య గారు లేచి వచ్చాడు.

"ఏ ఊరు బాబూ నీది?"

"గొలుగొండండీ."

"ఎవులి కొడుకువి?"

"సత్తియ్య గారబ్బాయినండీ."

"సత్తియ్యా?" అని కాసేపు గడ్డం రాసుకున్నాడు. "ఒకసారి మా బండి బురదలో దిగిపోతే, పిలవకుండానే వచ్చి భుజం పట్టేడు. మంచోడే." కూతురి వైపు తిరిగాడు. "ఇంట్లో సెప్పకుండా ఇక్కడ రూలు సెప్పేత్తన్నావేటే?"

"ఇంకా అడగలేదు కదా నాన్నా. అడక్కుండా ఏటి సెప్పను?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇంత గొడవలో నేను అడగనే లేదు. లేచి నిలబడ్డాను. వాన రేకుల మీద దడదడా కురుస్తోంది, గట్టిగా అంటేగానీ వినబడదు.

"ధనశ్రీ, ప్యాచ్ ఇప్పుడు నీ సేతిలో లేదు. నువ్వంటే నాకు ప్రాణం. నన్ను సేసుకుంటావా?"

ధనశ్రీ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. ఎడమ బుగ్గ కదిలింది.

"ఎలా పరీక్షించాలో రాయలేదు."

"ఆదివారం మా అమ్మనీ నాన్ననీ తీసుకుని నాతవరం వత్తాను. మీ అమ్మ ముందు కూకుంటాను. ఎన్నిసార్లు తిప్పి పంపితే అన్నిసార్లు మళ్ళీ వత్తాను."

ఎర్రయ్య గారు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా, జిడ్డు జిడ్డుగా, పకోడీ వాసనేస్తూ ఉంది.

"రా బాబూ. కానీ మా ఇంటిది తలుపులమ్మ సంగతి తెలీదు నీకు. ఈ గుంటకి ఇదంతా నేర్పింది అదే."

ధనశ్రీ అప్పటికే బ్యాగ్ సర్దుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. వాన తగ్గిందో లేదో చెయ్యి చాపి చూసి, నా వైపు తిరిగి, "పాస్" అంది.