నాసరయ్య బీడీ

స్క్రీన్ మీద నాసరయ్య పేరుంది. వయసుంది. పోయిన తేదీ ఉంది. దాని కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఫైల్ కనబడలేదు’ అని ఉంది.

“కనబడకపోవడమేంది డాక్టరమ్మా? పోయిన నెల గూడా పీల్చిపోతినే!” మాస్కు ముక్కుకి పెట్టుకునే అడిగింది సైదమ్మ.

గుంటూరు వాసనశాలలో కొత్త కంప్యూటర్‌కి అది తొలిరోజు. ఇక్కడి యంత్రం చనిపోయినవాళ్ళు విడిచిన చొక్కానో చీరనో తీసుకుని, అందులో ఏ రసాయనం ఎంతుందో ఫైల్‌గా రాసుకుంటుంది. అడిగినప్పుడు అవే పాళ్ళు కలిపి మాస్కులోకి వదులుతుంది. గుడ్డలో వాసన ఏడాది తిరక్కుండా ఎగిరిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఈ ఫైలే.

నాసరయ్య మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోశాడు. “ఆ ఘాటుతో మంచమెక్కావో, చూడు మరి!” అని తరిమిన పెళ్ళామే ఇప్పుడు ఆ ఘాటు కోసం నెలనెలా రెండు బస్సులు మారి వస్తోంది.

డాక్టర్ కనకవల్లికి తప్పెక్కడుందో తెలిసింది. డేటాబేస్‌లో వాసనలుండవు. ఏ వాసన ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామాలుంటాయి, అంతే. లైబ్రరీ కేటలాగుని కొత్త భవనానికి మోసుకొచ్చి, పుస్తకాల బీరువాలు పాతచోటే వదిలేసినట్టు చేసిందావిడ. ఇంత చదువూ చదివి!

స్టోర్‌రూమ్‌లోంచి పాత కంప్యూటర్ తెచ్చి ఫైళ్ళన్నీ కాపీ చేసింది. వాటికి పేర్లు లేవు, నంబర్లే. పాత చిరునామాలు కొత్తదాంట్లో పనిచెయ్యవు గనక, పేర్ల జాబితా పక్కన వరుసగా ఒక్కొక్కటీ తగిలించుకుంటూ పోయింది. చివర్న ఒకటి మిగిలింది. టెస్టుదై ఉంటుందిలే అనుకుంది. ఎదురుగా మాస్కు పెట్టుకుని ఒక మనిషి కాచుక్కూచుంటే ఎంతసేపని ఆలోచిస్తారు?

సైదమ్మ పీల్చింది. మిరపఘాటు. చెమట. మూతపడిన కళ్ళు చటుక్కున తెరుచుకున్నాయి.

“బీడీ కంపు! యార్డులో చేరిన్నాడే నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడమ్మా, బీడీ ముట్టనని! ఎంత నాటకాలోడు! మరి ఇన్నాళ్ళూ ఈ కంపు రాలేదేంది?”

“కొత్త మెషీన్ కదండీ. పాతదానికి అందనివి కూడా పట్టుకుంటుంది,” అంది కనకవల్లి, కాస్త గర్వంగానే.

ఆ నెలంతా సైదమ్మ ఫోటోతో పోట్లాడింది. రెండో నెలకి, “బరువులు మోసేవోడు, ఒక దమ్ము లాగకపోతే ఎట్టా?” అంది. మూడో నెల మాస్కు తియ్యకుండా ఏడ్చింది. “నాకు బయపడి సందుల్లో నక్కి తాగాడమ్మా. నా ముందు కూచుని తాగయ్యా అంటే నా సొమ్మేం పోయేది?” సంవత్సరీకం నాడు ఫోటో ముందు అన్నం, కోడికూర పెట్టి, పక్కనే బీడీకట్టా అగ్గిపెట్టే పెట్టింది.

ఐదో నెలలో, జాబితాలో మొదటి పేరున్నాయన కొడుకు వచ్చాడు.

“మా నాన్న హేతువాద సంఘం కార్యదర్శండీ. జన్మలో గుడి మెట్టెక్కలేదు. ఆయనకి కర్పూరం వాసనేమిటి?”

కనకవల్లి మొదటి ఫైల్ తెరిచి చూసింది. వాసనశాల ప్రారంభం రోజున, తొలి వాసన దేవుడిదే కావాలని యంత్రం ముందు హారతిపళ్ళెం పెట్టారు. సైన్సుకైనా మనం హారతివ్వాల్సిందే కదా! జాబితాకెక్కని ఆ కర్పూరమే మొదటి ఫైల్. దాంతో అందరూ ఒక మెట్టు జరిగారు. నాసరయ్య చోటికి పై వరుసలోని ఇంకో హమాలీ వచ్చి కూచున్నాడు. ఐదు నెలలు నలభై ముగ్గురు పరాయివాళ్ళని పీల్చి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇళ్ళకెళ్ళారు. ఒక్కరూ కాదనలేదు.

సైదమ్మని పిలిపించి, తప్పంతా ఒప్పుకుని, అసలు ఫైల్ పెట్టింది. సైదమ్మ ఒక్కసారి పీల్చి మాస్కు లాగేసింది.

“ఎవురమ్మా ఈ మడిసి? బీడీ ఏది?”

“ఆయనేనండీ. బీడీ ఎప్పుడూ తాగలేదు. మీకిచ్చిన మాట తప్పలేదు.”

“నా మొగుడు నాకు తెలవదా?” గొంతు లేచింది, అంతలోనే జారిపోయింది. “ఇప్పుడిప్పుడే కదా తల్లీ ఆయన మీద కోపం పోయింది... ఆయన్ని నాకిచ్చెయ్.”

కనకవల్లి చిరునామాని మళ్ళీ ఆ బీడీ ఫైల్‌కే మార్చింది. గదిలో ఒక వాసన ఉండగా ఇంకోటి వదలకూడదు గనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసింది.

ముప్పై ఏళ్ళు మాట మీద నిలబడ్డ మనిషి బయటికి పోవడానికి రెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ సైదమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే కూచుంది.